బిళ్లను కోసి చూడు

వర్ధన్నపేట

చి. మౌనికకు,

నువ్వు పంపిన గ్రాఫ్ చూశాను. ఒత్తిడి పెంచుతూ పోతే ఇనుప పొడి సాంద్రత ఎట్లా పెరిగిందో చూపే చుక్కలన్నీ హెకెల్ గీత మీదే కూర్చున్నాయి. సంతోషమే. కానీ రెండు స్థిరాంకాలు చేతిలో ఉంటే గీతను చుక్కలకు ఆనించడం పెద్ద పని కాదు బిడ్డా. 1961 నాటి ఆ హెకెల్ సమీకరణం నొక్కిన బిళ్ల మొత్తానికి సగటు సాంద్రత చెబుతుంది. లోపల ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ గుల్లగా ఉంది అన్నది చెప్పదు. ప్రెస్ దగ్గర గొడవంతా అక్కడే.

బోరెంలో పత్తి తొక్కేటప్పుడు చూశావు కదా, కాలి కింద గట్టిపడ్డంత అడుగున గట్టిపడదు. డై అచ్చులో పొడీ అంతే. పై పంచ్ నొక్కిన బలంలో కొంత గోడల రాపిడికే పోతుంది. ధాన్యపు గాదెల కోసం యాన్సెన్ 1895లో వేసిన లెక్కే ఇక్కడా పనికొస్తుంది. ఘర్షణ గుణకం 0.1, గోడ మీద పడే ఒత్తిడి నిలువు ఒత్తిడిలో సగం అనుకో. బిళ్ల ఎత్తు వ్యాసానికి రెట్టింపైతే అడుగుకు చేరేది 67 శాతమే. ఎత్తు, వ్యాసం సమానమైతే 82.

పైనా కిందా రెండు వైపులా నొక్కితే సరిపోదా అంటావు. అప్పుడు గుల్లతనం నడుముకు చేరుతుంది. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం ఆక్సైడ్ పొడిని బిళ్లలుగా నొక్కి, హైడ్రోజన్‌లో 1700 డిగ్రీల దగ్గర సింటర్ చేస్తారు, అంటే కరగకుండానే రేణువులు అతుక్కునేలా కాలుస్తారు. ఇట్లాంటి బిళ్లలో గుల్లగా ఉన్న నడుము ఎక్కువ కుంచించుకుపోయి సన్నబడుతుంది. అందుకే తర్వాత గ్రైండింగ్ చేయాల్సి వస్తుంది. అది లోహపు పొడి కాదు, నిజమే; రేణువులు సాగవు, పగులుతాయి. గోడ రాపిడి మాత్రం ఎవరినీ వదలదు.

ఇక ఏ మోడల్ వాడాలన్నది. గట్టి ఇనుమును అన్ని వైపులా సమానంగా ఎంత నొక్కినా శాశ్వతంగా రూపం మారదు. రంధ్రాలున్న ఇనుము మారుతుంది. కాబట్టి ఆ సమాన ఒత్తిడిని లెక్కలోకి తీసుకోని వాన్ మిసెస్ సూత్రం పక్కన పెట్టు. షిమా, ఒయానే 1976లో ఇచ్చిన సూత్రం రంధ్రాలను లెక్కలోకి తీసుకుంటుంది. కానీ దాని దృష్టిలో లాగినా నొక్కినా బలం ఒకటే. సింటర్ చేసిన ముక్కకు అది చెల్లుతుంది. డై నుంచి అప్పుడే బయటికొచ్చిన పచ్చి బిళ్ల లాగితే చేతిలోనే విరుగుతుంది కదా! నీ గైడ్ అడుగుతున్నది బయటికి తీసేటప్పుడు వచ్చే పగుళ్ల గురించైతే, మట్టి శాస్త్రం నుంచి వచ్చిన డ్రకర్-ప్రాగర్ క్యాప్ మోడలే దిక్కు. కష్టం ఎక్కువే. సాంద్రత మారినప్పుడల్లా దాని గుణకాలూ మారతాయి. బిళ్లను అడ్డంగా నలిపే పరీక్ష, నిలువుగా నలిపే పరీక్ష, గోడ ఒత్తిడి కొలిచే డై, మూడూ కావాలి.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక పని చెయ్యి. పచ్చి బిళ్ల కోస్తే రాలిపోతుంది. తక్కువ వేడిలో కొంచెం సింటర్ చేసి నిలువుగా కోసి, పై నుంచి కిందికి కాఠిన్యం కొలువు. సాంద్రత తెలిసిన బిళ్లలతో పోల్చుకుంటే లోపలి పటం దొరుకుతుంది. ఆ పటాన్ని గుణకాలు సరిచేయడానికి వాడొద్దు, దాచిపెట్టు. మోడల్ చెప్పింది దానితో కలిసిందా లేదా, అప్పుడు మాట్లాడదాం. పనిముట్లు తక్కువైతే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం ఉంది. 1997 నుంచి పౌడర్ మెటలర్జీ కూడా వాళ్ల పనే. గైడ్‌తో ఉత్తరం రాయించుకో.

అన్నట్టు, రాపిడి తగ్గించడానికి పొడిలో జింక్ స్టియరేట్ ఎంత కలిపావో, డై గోడకు కూడా పూశావో లేదో ఎక్కడా రాయలేదు. అది తెలియకుండా నీ ఘర్షణ గుణకం గురించి నేనేమీ చెప్పలేను. ముందు అది రాసి పంపు.

మీ మామయ్య