భూమి తిరగడం చూస్తారా?

పారిస్ వెళ్లినవారు ఐఫెల్ టవర్ చూడకుండా రారు. మీరు వెళితే పాంథియన్ భవనంలోనూ ఒక గంట గడపండి.

1851లో ఫూకో అనే శాస్త్రజ్ఞుడు ఆ భవనం గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగతో 28 కిలోల గుండును వేలాడదీసి ఊపాడు. అలాంటి లోలకమే నేడూ అక్కడ ఉంది. గుండు ఊగే దిశను గుర్తుపెట్టుకోండి. గంట తరువాత ఆ దిశ గడియారపు ముల్లు తిరిగే వైపుకు సుమారు 11 డిగ్రీలు మారి ఉంటుంది. గుండును ఎవరూ పక్కకు తోయలేదే! మరి తిరిగిందేమిటి? దాని కిందనున్న భూమి!

ఈ మార్పు ధ్రువాల వద్ద గంటకు 15 డిగ్రీలు, భూమధ్యరేఖ వద్ద సున్న. మన హైదరాబాదులోనైతే సుమారు నాలుగున్నర.

ఆకాశం వంక చూడకుండానే భూభ్రమణాన్ని చూపే వింత ఇది. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తే మాత్రం మీకు కనిపించేది ఊగే గుండు ఒక్కటే!