ఏజెన్సీ నుంచి కంపెనీ రోల్స్‌లోకి: సంతకానికి ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు

“వచ్చే ఒకటో తారీఖు నుంచి ఏజెన్సీ ఉండదు. మీరంతా కంపెనీ రోల్స్‌లోకి వస్తున్నారు.”

సూపర్‌వైజర్ ఈ మాట అనగానే అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న జీతం ఎంత పెరుగుతుందని. ఇన్నేళ్ళ సర్వీసు ఏమవుతుందన్నది ఆ సంతోషంలో చాలామందికి తట్టదు. దబీర్‌పురా, యాకుత్‌పురా, మలక్‌పేట చుట్టుపక్కల నుంచి ఆసుపత్రుల్లో హౌస్‌కీపింగ్‌కు, బ్యాంకుల్లో సెక్యూరిటీకి, గోదాముల్లో లోడింగ్‌కు, ఆఫీసుల్లో డేటా ఎంట్రీకి వెళ్ళే వాళ్ళలో ఏజెన్సీ జీతం మీద బతికేవాళ్ళు తక్కువేం కాదు. పని చేసే చోటు ఏళ్ళ తరబడి మారదు. టెండరు మారినప్పుడల్లా పేస్లిప్ మీద యజమాని పేరు మాత్రం మారుతుంది. చివరికి అక్కడ కంపెనీ పేరే వస్తుందంటే మంచి కబురే. అయితే మీరు కొత్తగా ఉద్యోగంలో చేరుతున్నారా, పాత ఉద్యోగంలోనే కొనసాగుతున్నారా? ఈ సంగతి కాగితం మీద తేలాలి. మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

కరెంటు ఆర్టిజన్లను చూడండి

ఈ మార్పు మన దగ్గర పెద్ద ఎత్తున జరిగింది తెలంగాణ విద్యుత్ సంస్థల్లో. సబ్‌స్టేషన్లలో, లైన్ల మీద, ఆఫీసుల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేస్తున్న 23 వేల మందికి పైగా సిబ్బందిని ట్రాన్స్‌కో, జెన్‌కో, రెండు డిస్కంలు 2017 జులైలో నేరుగా తమలోకి తీసుకున్నాయి. వాళ్ళకు ‘ఆర్టిజన్లు’ అని పేరు పెట్టి, నైపుణ్యాన్ని బట్టి నాలుగు గ్రేడ్లు చేశాయి. దీనిపై హైకోర్టులో కేసు పడి, విలీనం కొంతకాలం ఆగింది. 2018 సెప్టెంబరులో కోర్టు దారి సుగమం చేసింది. దబీర్‌పురాతో సహా పాతబస్తీకి కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కంలోనూ ఇలా వచ్చినవాళ్ళు ఉన్నారు.

మధ్యలో కాంట్రాక్టరు పోయాడు. జీతం సంస్థే ఇస్తోంది. కానీ పాత ఎలక్ట్రిసిటీ బోర్డు ఉద్యోగులకు వర్తించే సర్వీసు నిబంధనలు ఆర్టిజన్లకు వర్తించలేదు. వాళ్ళకు విడిగా స్టాండింగ్ ఆర్డర్స్ పెట్టారు. ఒకే స్తంభం ఎక్కే ఇద్దరికి రెండు రకాల నిబంధనలు! మమ్మల్నీ రెగ్యులర్ ఉద్యోగులుగా మార్చండంటూ 2023 ఏప్రిల్‌లో ఆర్టిజన్లు సమ్మెకు దిగింది ఇందుకే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకోలా జరిగింది. ప్రైవేటు ఏజెన్సీల బదులు ప్రభుత్వమే ‘ఆప్కాస్’ అనే కార్పొరేషన్ పెట్టి, 2020 జులై నుంచి ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి దాని ద్వారా జీతాలిచ్చింది. దళారీ కమీషన్ పోయింది, జీతం నేరుగా ఖాతాలో పడింది. అంతమాత్రాన వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు కాలేదు.

కాబట్టి ‘రోల్స్‌లోకి తీసుకుంటాం’ అన్నప్పుడు మూడు సంగతులు అడగాలి. ఇది పర్మనెంటా, ఫిక్స్‌డ్ టర్మా? పాత ఉద్యోగులకున్న రూల్సే మాకూ ఉంటాయా, వేరే పెడతారా? మా సర్వీసును ఏ తేదీ నుంచి లెక్కిస్తారు?

చట్టం ఎంతవరకు తోడుంటుంది

‘పదేళ్ళు ఇక్కడే చేశాను, నన్ను తీసుకోవడం కంపెనీ బాధ్యత’ అన్న నమ్మకం చాలామందిలో ఉంది. కానీ కాంట్రాక్టు వ్యవస్థను రద్దు చేసినంత మాత్రాన కార్మికులు ఆటోమేటిక్‌గా కంపెనీ ఉద్యోగులు కారని స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. కాంట్రాక్టు కేవలం కాగితం మీది నాటకమని లేబర్ కోర్టులో రుజువైతే అది వేరే సంగతి. కాంట్రాక్టు రద్దయిన పనికి కంపెనీ రెగ్యులర్ ఉద్యోగులను తీసుకునేటప్పుడు అర్హులైన పాత కాంట్రాక్టు కార్మికులకు ప్రాధాన్యం ఇవ్వాలనీ, వయసు విషయంలో తగిన సడలింపు ఇవ్వాలనీ అదే తీర్పు చెప్పింది. ‘వయసు దాటింది’ అని పక్కన పెడితే ఈ మాట గుర్తు చేయొచ్చు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సంస్థ చేసే అసలు పనికి కాంట్రాక్టు కూలీలను పెట్టడంపై వీటిలో ఆంక్షలున్నాయి. క్యాంటీన్, కాపలా, శుభ్రత, లోడింగ్ లాంటివి మాత్రం మామూలుగా ఆ అసలు పని కిందికి రావు. అంటే హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్ళను కంపెనీ తనంతట తాను పిలుస్తోందంటే అది చేజార్చుకోకూడని అవకాశం. గట్టిగా అడగండి, కానీ తెగేదాకా లాగకండి. కొత్త కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. నోటిమాట మీద చేరనక్కర్లేదు.

పీఎఫ్: తీసేయొద్దు, కలుపుకోండి

యజమాని మారినా పీఎఫ్‌లో మీకిచ్చిన యూఏఎన్ నంబరు మారదు. కొత్త కంపెనీకి అదే నంబరు ఇవ్వండి. తెలియక కొత్తది తెరిస్తే రెండిటినీ కలపడానికి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఏజెన్సీ పోయింది కదా అని పీఎఫ్ సొమ్ము మొత్తం తీసేసుకునేవాళ్ళున్నారు. ఇందులో మూడు నష్టాలున్నాయి. పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసు కావాలి, డబ్బు తీసేస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను పడవచ్చు. మూడోది ఎవరూ చెప్పనిది: ఖాతా ఖాళీ చేసి, నెలకు 15 వేలు దాటిన పీఎఫ్ జీతంతో కొత్తగా చేరితే, మీకు పీఎఫ్ తప్పనిసరి కాదని కంపెనీ అనొచ్చు. పాత సభ్యత్వం కొనసాగుతుంటే అలా అనలేదు.

ఏజెన్సీ దుకాణం సర్దుకోకముందే పాస్‌బుక్ తెరిచి నెలనెలా పడిందో లేదో చూడండి. పేస్లిప్‌లో 12 శాతం కోసి, ఖాతాలో కట్టని నెలలుంటే ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి. ఎగ్జిట్ డేట్ కూడా చూసుకోండి. ఏజెన్సీలో 31న ముగిసి, కంపెనీలో 1న మొదలవ్వాలి. రెండు ఉద్యోగాల తేదీలు ఒకదానిమీద ఒకటి పడితే ట్రాన్స్‌ఫర్ దగ్గర ఇబ్బంది వస్తుంది. ఏజెన్సీ ఎగ్జిట్ డేట్ వేయకపోతే, మానేసిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

పాతబస్తీలో మరీ ఎక్కువగా కనిపించే చిక్కు పేరు స్పెల్లింగ్. ఆధార్‌లో ‘మహమ్మద్’ అని పూర్తిగా ఉంటుంది, ఏజెన్సీ గుమస్తా పీఎఫ్‌లో ‘ఎండీ’ అని కొట్టి ఉంటాడు. బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. ‘బేగం’, ‘బీ’, ‘సుల్తానా’ దగ్గర ఆడవాళ్ళకూ ఇదే తంటా. ఇంటిపేరు ముందా వెనకా అన్నది తెలుగువాళ్ళకు వచ్చే చిక్కు. 2017 అక్టోబరు తర్వాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే చాలా దిద్దుబాట్లు సభ్యుడే ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. అంతకుముందుది అయితే యజమాని ఆమోదం కావాల్సి రావచ్చు. టెండరు ముగిశాక ఆ యజమాని దొరకడు. అందుకే పేరు, పుట్టిన తేదీ దిద్దుబాటు ఏజెన్సీ చేతిలో ఉండగానే ముగించండి. ఆన్‌లైన్‌లో తెగకపోతే దబీర్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి కాచిగూడలో దిగితే బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసు దూరమేమీ కాదు.

ఈఎస్ఐ: జీతం 21 వేలు దాటుతుంటే

ఈఎస్ఐ నంబరు కూడా మనిషితోనే ఉంటుంది, పాతదే ఇవ్వండి. గర్భిణులకు ఇది మరీ ముఖ్యం. ప్రసూతి ప్రయోజనానికి అంతకుముందు రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా ఉండాలి. పాత నంబరుంటే ఏజెన్సీలో చేసిన రోజులూ కలుస్తాయి.

కొత్త జీతం నెలకు 21 వేలు దాటితే ఈఎస్ఐ నుంచి బయటికి వస్తారు. ఉద్యోగి వాటా 0.75 శాతమే కాబట్టి మిగిలేది స్వల్పం, పోయేది ఇంటిల్లిపాదికీ ఉన్న వైద్యం. అమ్మానాన్నలు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మందుల మీద ఉన్నవాళ్ళు బాగా ఆలోచించాలి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులున్నారా, ముందునుంచి ఉన్న జబ్బులకు వర్తిస్తుందా అని అడగండి. లేదంటే ఆ బీమాకయ్యే ఖర్చు జీతంలో కలపమనండి.

గ్రాట్యుటీ: అసలు డబ్బు ఇక్కడుంది

గ్రాట్యుటీ లెక్క చిన్నదే. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. ఇక్కడ జీతమంటే ముఖ్యంగా బేసిక్, డీఏ. సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు నిండాలి.

ఏజెన్సీలో ఏడేళ్ళు చేసిన వ్యక్తి జీతం 15,600 అనుకుందాం. ఏడాదికి 9,000 చొప్పున ఇప్పుడు రావాల్సింది 63,000. అదే ఏడేళ్ళనూ కంపెనీ తన సర్వీసులో కలుపుకుంటే? కొన్నేళ్ళ తర్వాత 26,000 జీతం మీద మానేసినప్పుడు ఏడాదికి 15,000 చొప్పున ఆ ఏడేళ్ళకే 1,05,000 వస్తుంది. ఇక ఇప్పటి ఏజెన్సీలో నాలుగేళ్ళే అయినవాళ్ళకు ఏజెన్సీ సాధారణంగా ఏమీ ఇవ్వదు. సర్వీసు కలపకపోతే వాళ్ళ నాలుగేళ్ళూ గాలికి పోయినట్టే. అందుకే ఐదేళ్ళు నిండినవాళ్ళు సర్వీసు కలపడమో, ఏజెన్సీ నుంచి గ్రాట్యుటీ ఇప్పించడమో ఏదో ఒకటి రాతలో అడగాలి. ఐదేళ్ళు నిండనివాళ్ళు సర్వీసు కలపడం కోసమే పట్టుబట్టాలి. ఫిక్స్‌డ్ టర్మ్ కింద తీసుకుంటున్నారా? కొత్త కోడ్ ప్రకారం వాళ్ళకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు ఉంది, అది నియామక పత్రంలో ఉందో లేదో చూడండి.

మిగిలిన సెలవుల డబ్బు, ఈ ఏడాది బోనస్, ఆఖరి నెల ఓవర్‌టైమ్ ఏజెన్సీ నుంచే రావాలి. వేతన కోడ్ ప్రకారం ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాల్లో జీతం బకాయి తీర్చాలి. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత పని చేయించుకున్న కంపెనీదే. కాబట్టి ఏజెన్సీ ఆఖరి బిల్లు కట్టేముందు సిబ్బంది బకాయిలు తీరాయో లేదో చూడమని హెచ్‌ఆర్‌ను అందరూ కలిసి కోరండి. బిల్లు అందిపోయాక ఏజెన్సీ ఫోనెత్తడం కష్టమే.

రాజీనామాలో ఏం రాయాలి

ఏజెన్సీ అచ్చువేసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటుంది. అందులో ‘వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నాను, నాకు రావాల్సినవన్నీ అందాయి’ అని ఉంటుంది. అందకముందే అందాయని రాసివ్వొద్దు. దాని బదులు ఇలా రాయొచ్చు:

“నేను పనిచేస్తున్న కంపెనీ నన్ను ఫలానా తేదీ నుంచి నేరుగా తన ఉద్యోగిగా తీసుకుంటున్నందున, ఫలానా తేదీతో మీ సంస్థ నుంచి విరమిస్తున్నాను. నా జీతం, సెలవులు, బోనస్, గ్రాట్యుటీ బకాయిలు చెల్లించి, సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వగలరు.”

కంపెనీ నియామక పత్రం చేతికొచ్చాకే ఈ కాగితం ఇవ్వాలి. ముందు రాజీనామా, తర్వాత ఆర్డరు అంటే ఒప్పుకోకండి. రెండూ ఒకే రోజు, ఒకే బల్ల మీద జరిగితే ఎవరికీ అనుమానం ఉండదు.

జీతం బేరం

ఆఫర్‌లో ఏడాది మొత్తం చూపిస్తారు. అందులో యజమాని పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కలిపారేమో చూడండి. చేతికొచ్చేది ఎంతో నెలకు లెక్క కట్టించుకోండి. బేసిక్, డీఏ మొత్తంలో సగం కంటే తగ్గకుండా ఉంటే పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కల్లో మీకు మేలు.

బేరానికి పనికొచ్చే మాట ఒకటుంది. మనుషుల్ని సరఫరా చేసినందుకు ఏజెన్సీ వేసే బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీ మీద పెట్టే ఖర్చు నెలకు 20,000 అయితే సర్వీసు చార్జీ కాకుండానే పన్ను 3,600. చాలా కంపెనీలు ఆ పన్నును వెనక్కి రాబట్టుకుంటాయి. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందువల్ల ఆసుపత్రులకు మాత్రం ఆ వీలు దాదాపుగా లేదు. ఆసుపత్రి మిమ్మల్ని నేరుగా తీసుకుంటే ఆ డబ్బు దానికి మిగిలినట్టే. అందులో మా వాటా ఏదని అడగడం తప్పు కాదు.

హెచ్‌ఆర్ వాళ్ళకు

ఈ పని మీ చేతిలో ఉంటే తేదీని నెల ఒకటో తారీఖుకే పెట్టండి. నెల ముందే అందరి ఆధార్, యూఏఎన్, ఈఎస్ఐ నంబర్లు, బ్యాంకు పేర్లు సరిచూడండి. నిబంధనలను తెలుగులోనూ ఉర్దూలోనూ చదివి వినిపించండి. పదేళ్ళుగా మీ కళ్ళముందే పనిచేసిన మనిషికి మళ్ళీ ఆరు నెలల ప్రొబేషన్ పెట్టేముందు దానివల్ల మీకు ఒరిగేదేమిటో ఒక్కసారి ఆలోచించండి.

సర్వీసు కలపం అంటే?

చాలా కంపెనీలు ఈ మాటే అంటాయి. గ్రాట్యుటీకి కలపకపోయినా సీనియారిటీకైనా, సెలవులకైనా లెక్కించమనండి, ప్రొబేషన్ ఎత్తేయమనండి. ఒక్కొక్కరుగా కాక, యూనియన్ ద్వారానో, అందరి సంతకాలతోనో అడగండి. ఏజెన్సీ బకాయిలు ఎగ్గొడితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ అధికారులుంటారు. పాత పేస్లిప్పులు, గేటు పాసులు, గుర్తింపు కార్డులు, హాజరు ఫొటోలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక ఫైలులో దాచండి. పదేళ్ళు మీరు అక్కడే పనిచేశారని చెప్పే సాక్ష్యం అవే.

ఎంత అడిగినా సర్వీసు కలపకపోతే ఉద్యోగం వదులుకోవాలా? అక్కర్లేదు. ఏజెన్సీ బకాయిలు అంది, పీఎఫ్ కలిసి, కొత్త పత్రంలో పర్మనెంట్ అని ఉంటే చేరడమే మేలు. వచ్చే టెండరులో ఎవరొస్తారో అన్న భయంతో బతికే ఉద్యోగం కంటే అది ఎన్నో రెట్లు నయం. కాకపోతే ఏం వదులుకున్నారో, ఎంత వదులుకున్నారో లెక్క తెలిసి సంతకం పెట్టండి. రేపు జీతాలు పెంచమని కూర్చున్న రోజు ఆ లెక్క మళ్ళీ పనికొస్తుంది.