ఇంటి బట్టలు ఇంటనే కుట్టుకొనుట

గ్రామములలో కుట్టు మిషనులు లేవన్న మాట నేడు చెల్లదు. స్త్రీల పొదుపు సంఘముల అప్పుతో కొన్ని, ప్రభుత్వ పథకముల ద్వారా కొన్ని, పుట్టింటివారు పెట్టిన సారెతో కొన్ని ఇండ్లకు చేరినవి. అయినను ఆ ఇంటి బాలిక తాను నిత్యము తొడుగుకొను టాపును సంతలో కొనుచున్నది. లేదా గుడ్డ కొని, కూలి యిచ్చి, పండుగకు ముందు దర్జీ వాకిట పడిగాపులు పడుచున్నది. మిషను మాత్రము దుప్పటి కప్పుకొని మూలను నిలిచి యున్నది. దానిపై పాత పత్రికలు, మందుల సీసాలు చేరినవి. ఇట్లేల జరుగుచున్నదో పంచాయతీ సభ్యులు విచారింపదగును.

ఇందుకు సోమరితనము కారణమని యనుట అన్యాయము. కుట్టుట వేరు, కత్తిరించుట వేరు. పెడలు త్రొక్కుట, సూదికి దారమెక్కించుట, కాగితముపై గీచిన గీత వెంబడి తిన్నగా కుట్టుట వారము పది దినములలో పట్టుబడును. కాని రెండు మీటర్ల క్రొత్త గుడ్డను నేలపై పరచి దానిపై కత్తెర పెట్టవలసి వచ్చినపుడు చేయి వణకును. కుట్టు తప్పినచో విప్పవచ్చును. కోత తప్పినచో గుడ్డ పోయినట్లే. ఈ భయము తీరువరకు నేర్పని శిక్షణ సగము శిక్షణయే. కావున గ్రామమున కుట్టు తరగతి పెట్టింపదలచిన పంచాయతీవారు మిషనుల సంఖ్యను అడుగుటకు ముందు, "నేర్చుకొనువారు ఒక్కొక్కరు తమ చేతితో ఎన్ని బట్టలు కత్తిరింతురు?" అని అడుగవలెను.

సూది మన స్త్రీలకు క్రొత్త వస్తువు కాదు. పాత చీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టుకొనని ఇల్లు ఒకప్పుడు అరుదు. లంబాడీ తండాలలో స్త్రీలు తమ పేటియాను, కాంచళిని తామే కుట్టి, అద్దములు, గవ్వలు పొదిగి ధరించెడివారు. యంత్రములను గూర్చి ఎన్నో సందేహములు గల గాంధీమహాత్ముడు సైతము 1924లో ఒక సంభాషణమునందు కుట్టు యంత్రమును తన ఆక్షేపణ నుండి మినహాయించెను. అట్టి యంత్రము ఇంటనుండియు వాడుకలేకుండుట విచారకరము.

మొదట కుట్టదగిన బట్ట

రవికతో మొదలుపెట్టరాదు. ఇది మా దృఢాభిప్రాయము. రవిక పావు అంగుళము తేడాకును ఒప్పుకొనదు. చంక కోత, టక్కులు, హుక్కుల పట్టీ అన్నియు ఒకేమారు కుదురవలెను. మొదటి రవిక చెడిపోగా మిషను జోలికి మరల పోనివారు మన గ్రామములలో కలరు. దిండు గలీబు, పిదప బొందు లంగా, పిదప చిన్న పిల్లల గౌను, ఆ తరువాత వదులుగా నుండు టాపు అను వరుస మేలు. గలీబుతో తిన్నని కుట్టు, లంగాతో నడుము పట్టీ, గౌనుతో కుచ్చులును మెడయు అలవడును. టాపు నాటికి చేయి కుదురును.

గుడ్డ విషయమున ఒక్క నియమము తప్పక పాటింపవలెను. నూలు గుడ్డ, అందునను చేనేత గుడ్డ, మొదటి ఉతుకుతో కుదించుకుపోవును. కావున కొన్న గుడ్డను రాత్రి నీట నానబెట్టి, ఉదయమున నీడన ఆరవేసి, ఇస్త్రీ చేసిన పిదపనే కత్తెర పట్టవలెను. ఈ పని చేయక కుట్టిన టాపు రెండవ నెలకు చెల్లెలికి చేరును. రంగు దిగు గుడ్డను వేరుగా నానబెట్టవలెను. నేర్చుకొనువారికి జారెడు పట్టు, సింథటిక్ గుడ్డలు తగవు. పాప్లిన్ గాని, మంగళగిరి, చీరాల ప్రాంతముల నేత నూలు గుడ్డ గాని కత్తెర క్రింద కదలక నిలుచును.

కొలతల యందొక చిక్కు కలదు. మన దేశమున మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరు నుండి క్రమముగా అమలులోనికి వచ్చినవి. ఆరు దశాబ్దములు గడచినను గుడ్డను మీటర్లలో కొని, శరీరమును అంగుళములలో కొలుచుచున్నాము. గజమునకు 36 అంగుళములు. మీటరునకు 39 అంగుళములకు కొంచెము పైన. ఈ తేడా మరచి, కోయునపుడు గుడ్డ చాలక చింతించినవారు కలరు.

కత్తిరింపు పాఠము

ఇచట ఒక టాపును ఉదాహరణముగా తీసికొందము. ధరించు స్త్రీ ఛాతీ చుట్టుకొలత 36 అంగుళములు, తుంటి 38, భుజము వెడల్పు 14, టాపు పొడవు 38, చేయి పొడవు 9 అనుకొందము. గుడ్డ పన్నా 44 అంగుళములు. పొడవునకు భుజము కుట్టుకై అర అంగుళము, క్రింది మడతకై అంగుళమున్నర కలిపినచో 40 అంగుళములు. ముందు భాగమునకు, వెనుక భాగమునకు కలిసి 80 అంగుళములు, అనగా రెండు మీటర్లకు కొంచెము పైన. నానబెట్టినపుడు కుదించుకొనునది కలుపుకొని రెండుంబావు మీటర్లు కొనవలెను. చేతులకు వేరుగా గుడ్డ అక్కరలేదు, ఎట్లో చూడుడు.

ఇస్త్రీ అయిన గుడ్డను పొడవున సగమునకు మడిచినచో సుమారు 40 అంగుళముల పొడవున రెండు పొరలు ఏర్పడును. ఆ రెండు పొరలను కలిపి ఒక అంచు నుండి 12½ అంగుళములు లోనికి మడిచినచో అచట నాలుగు పొరలగును. ఆ మడత అంచే టాపునకు నడిమి గీత. ప్రక్కన మిగిలిన 19 అంగుళముల పట్టెలో రెండు చేతులు వచ్చును. అయితే పువ్వులు ఒకే దిక్కునకు చూచునట్లు అచ్చువేసిన గుడ్డకు ఈ మడత పనికిరాదు. టాపు వెనుక పువ్వులు తలక్రిందులగును. మొదటిసారి సాదా గుడ్డయే మంచిది.

ఇక గుర్తులు. ఛాతీ 36లో నాలుగవ వంతు 9. వదులునకు 1, కుట్టులోనికి 1 కలిపి 11 అంగుళములు. తుంటి 38లో నాలుగవ వంతు 9½. వదులునకు 1½, కుట్టునకు 1 కలిపి 12. భుజమున సగము 7, కుట్టునకు అర అంగుళము. చంక గీత పై అంచు నుండి 8½ అంగుళముల దిగువను పెట్టవలెను. మెడ వెడల్పునకు ఛాతీలో పండ్రెండవ వంతు, అనగా మడత నుండి 3 అంగుళములు. భుజమును మెడ నుండి వెలుపలికి ముప్పావు అంగుళము వాలుగా దింపవలెను; లేనిచో భుజము కొసన గుడ్డ ఎత్తుగా నిలుచును. మొదటి టాపునకు నడుము దగ్గర నొక్కు వేయక తిన్నగా విడుచుటయే క్షేమము.

నేర్చుకొనువారు పెక్కుమంది తప్పు చేయునది మెడ దగ్గరనే. ముందు మెడ లోతు 6 అంగుళములు, వెనుక మెడ లోతు 3. నాలుగు పొరలను ఒకేసారి 6 అంగుళములకు కోసినచో వెనుక మెడ బాగుపడదు. మొదట నాలుగు పొరలను కలిపి 3 అంగుళముల లోతునకు కోసి, పిదప ముందు భాగపు రెండు పొరలను మాత్రము విడదీసి 6 అంగుళములకు దింపవలెను. చంకకును అంతే: ముందు భాగమున అర అంగుళము లోనికి అదనముగా కోసినచో చేయి చాచునపుడు ముడుత పడదు.

చేతులకు ఆ పట్టెలో 17 అంగుళముల వెడల్పు, 11 అంగుళముల పొడవు తీసికొని పైన వంపు కోయవలెను. కోయుటకు ముందు టేపును అంచుపై నిలబెట్టి వంపును కొలిచి, చంక కోత చుట్టుకొలతతో సరిచూడవలెను. టేపును పడుకోబెట్టి కొలిచిన వంపు ఎన్నడును సరిగా రాదు.

కుట్టునపుడు మొదట భుజములు, పిదప మెడకు ఏటవాలుగా కోసిన పట్టీ, పిదప చేతులు, చివరకు చేతి కొస నుండి తుంటి వరకు ప్రక్కకుట్టు ఒకే వరుసగా వేయవలెను. ప్రక్క చీలికలు, క్రింది మడత తరువాత వచ్చును. ఎదుగు బాలికల బట్టలలో ప్రక్కకుట్టు లోపల అంగుళము గుడ్డ వదలినచో మరుసటి ఏడు విప్పి పెద్దది చేయవచ్చును. సంతలో కొన్న టాపులో ఈ సౌకర్యము సాధారణముగా ఉండదు.

మిషనును గూర్చి రెండు మాటలు చాలును. చక్రము కూర్చున్నవారి వైపునకు తిరుగవలెను. వెనుకకు తిరిగినచో దారము చిక్కుపడును. నూలు గుడ్డకు 14వ నెంబరు సూది, పలుచని గుడ్డకు 11, మందపు గుడ్డకు 16 వాడవలెను. షటిల్ వద్ద చేరిన నూగును తుడిచి ఒక చుక్క నూనె వేయుట అలవాటుగా నుండవలెను.

పంచాయతీ చేయదగినది

పైన చెప్పిన పాఠము మొదట గుడ్డపై జరుగరాదు. పాత వార్తాపత్రికలపై జరుగవలెను. కాగితమును అతికించి, కొలతలు గీచి, కత్తిరించి, మనిషిపై పెట్టి చూచినచో గుడ్డ పోవునను భయముండదు. అట్లు కుదిరిన కాగితపు కోతలను పారవేయక 32, 36, 40 అంగుళముల ఛాతీ కొలతలకు ఒక్కొక్కటి గట్టి అట్టపై దించి, కొలతలు వ్రాసి, పంచాయతీ కార్యాలయపు గోడకు మేకున తగిలించినచో గ్రామములోని ఏ స్త్రీయైనను వచ్చి గీచుకొని పోవచ్చును. మిషను ఒక్కరికి ఉపయోగపడును. ఈ అట్టలు ఊరందరికి ఉపయోగపడును. ఖర్చు అట్టకును, మేకునకు మాత్రమే.

రెండవది కోత బల్ల. ఇండ్లలో గుడ్డ పరచుటకు చోటుండదు. నేలపై వంగి కోసినచో నడుము నొప్పియు, గీత వంకరయు తప్పవు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల బల్లను నడుమెత్తున చేయించి, కిటికీ వెలుతురున వేయింపవలెను. పొలము పనులు, వంట పనులు ముగిసిన మధ్యాహ్నపు వేళ రెండు గంటలు ఆ గదిని స్త్రీలకు విడిచినచో చాలును. సభ్యులలో సగము స్థానములు స్త్రీలవే యైనందున, వేళ విషయమున వారి మాటయే చెల్లవలెను. ఇట్టి పనులు పంచాయతీకి సంబంధము లేనివని యెవరైన అన్నచో, 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలు నందలి 29 అంశములలో కుటీర పరిశ్రమలు, వృత్తి విద్య, స్త్రీ శిశు అభివృద్ధి కలవని చూపవలెను.

మరియొక సంగతి నిష్కపటముగా చర్చింపవలెను. ఇంటింట కుట్టుకొనినచో గ్రామపు దర్జీ బ్రతుకేమగును? సంతలోని తయారు బట్టలు ఇప్పటికే అతని పనిని చాల వరకు హరించినవి. గలీబులు, గౌనులు, ఇంటి టాపులు స్త్రీలు కుట్టుకొన్నను రవికలు, పెండ్లి బట్టలు, పురుషుల చొక్కాలు అతని వద్దకే వచ్చును. కోత విలువ తెలిసినవారు అతని కూలికి బేరమాడుట తగ్గింతురని మా యాశ. తరగతికి గురువుగా దూరపు పట్టణము నుండి ఎవరినో రప్పించుటకు ముందు, తరతరములుగా ఈ వృత్తిలో నున్న మేరవారిని గాని, ఊరి దర్జీని గాని అడిగి, తగిన వేతనమిచ్చి నియమించుట ధర్మము. తెలంగాణలో 2024లో ప్రభుత్వ పాఠశాలల యూనిఫారముల కుట్టు పని స్త్రీల సంఘములకు అప్పగింపబడినది. అట్టి పనికి ముందుకు వచ్చు సంఘమునకు చేయి తిరిగిన దర్జీ తోడు ఎంతయు అవసరము.

దర్జీ వృత్తితో జీవించువారికి 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకము వర్తించును. అందలి 18 వృత్తులలో దర్జీ పని యొకటి. శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, హామీ లేకుండ మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల వరకు 5 శాతము వడ్డీకి ఋణము అందు కలవు. తన యింటికి మాత్రమే కుట్టుకొను స్త్రీకి ఇది వర్తింపదు. పది మందికి కుట్టి ఆ కూలితో బ్రతుకు స్త్రీకి తప్పక వర్తించును. కుటుంబమునకు ఒక్కరికే అవకాశము గలదు. దరఖాస్తులు సామాన్య సేవా కేంద్రము ద్వారా పోవును గాని, మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. ఎవరు నిజముగా కుట్టు పనితో జీవించుచున్నారో సభ్యులకు తెలిసినంత మరియెవరికిని తెలియదు కనుక, వచ్చిన దరఖాస్తులను బల్లపై నిలువ ఉంచక, వచ్చిన వారములోనే ఆ ఇండ్లకు పోయి చూచి పంపవలెను.