మూలాధారం: ముందు కుదురు, ఆ తర్వాతే కుండలిని



మూలాధార చక్రం గురించి ఈమధ్య యువతలో మంచి ఆసక్తి కనిపిస్తోంది. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ ఆసక్తి వెంట ఒక భయం కూడా వస్తోంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. పీజీ హాస్టల్లో రాత్రి రెండు దాటినా నిద్ర పట్టదు. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం గురించి దిగులు. సరిగ్గా అలాంటప్పుడే ఫోన్లో ఒక రీల్ వస్తుంది: "మీ రూట్ చక్ర బ్లాక్ అయింది, అందుకే ఇన్ని కష్టాలు" అని. ఉన్న దిగులుకు ఇంకో దిగులు తోడు!

అందుకే ఈ పాఠంలో మూడు సంగతులు నిదానంగా చూద్దాం. మూలాధారం గురించి మన గ్రంథాలు ఏం చెప్పాయి? ఈ "బ్లాక్" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? రోజూ ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా మనం ఏం చేయొచ్చు?

మన భాషలోనే ఉన్న మాట: కుదురు

ఇంగ్లీషులో "గ్రౌండింగ్" అంటున్నారు కదా, దానికి తెలుగులో ఎంతో చక్కని మాట ఉంది. కుదురు. "కాసేపు కుదురుగా కూర్చోరా" అని అమ్మమ్మలు అనేది ఇదే.

పాతకాలం ఇళ్ళలో నీళ్ళ కుండ కింద గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన ఒక చుట్ట పెట్టేవారు. దాని పేరు కూడా కుదురే. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది, నేల మీద పెడితే దొర్లిపోతుంది. కింద కుదురు ఉంటే కదలదు. నీళ్ళు ఎన్ని పోయాలన్నా ముందు ఆ కుదురు సరిగ్గా ఉండాలి.

మూలాధారం అన్న పేరులోనూ ఇదే అర్థం ఉంది. మూలం అంటే వేరు, మొదలు. ఆధారం అంటే ఆసరా. మన ప్రాణశక్తి అనే కుండకు కింద ఉన్న కుదురు మూలాధారం. ఈ పాఠం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి: పైకి లేవడం గురించి ఆలోచించే ముందు, కింద నిలకడగా కూర్చోవడం నేర్చుకోవాలి.

గ్రంథాలు ఏం చెబుతున్నాయి?

ఇవాళ మనం వినే చక్రాల వర్ణనలో చాలా భాగం "షట్చక్ర నిరూపణం" అనే సంస్కృత గ్రంథం నుంచి వచ్చింది. బెంగాల్‌కు చెందిన పూర్ణానంద యతి 1577లో దీన్ని రచించారు. కలకత్తా హైకోర్టు జడ్జిగా పనిచేసిన సర్ జాన్ వుడ్రఫ్ 1919లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ప్రపంచమంతా చక్రాల గురించి మాట్లాడుకోవడానికి ఆ అనువాదం ఒక పెద్ద కారణం.

ఆ గ్రంథం ప్రకారం మూలాధారం వెన్నెముక అడుగున ఉంటుంది. అది నాలుగు రేకుల ఎర్రని పద్మం. రేకుల మీద వ, శ, ష, స అనే అక్షరాలు ఉంటాయి. లోపల పసుపు రంగు చతురస్రం, అది పృథ్వీ తత్త్వం. దాని బీజం "లం". ఆ బీజాన్ని మోసేది ఏనుగు. అధిదేవత బ్రహ్మ, శక్తి డాకిని. నడుమ త్రికోణంలో స్వయంభూ లింగం. దాన్ని మూడున్నర చుట్లు చుట్టుకుని నిద్రపోతున్న సర్పంలా కుండలినీ శక్తి.

ఈ చిత్రాన్ని ధ్యానించేటప్పుడు ఒక్కో గుర్తు దగ్గర కాస్త ఆగండి. చతురస్రం ఎటు తిప్పి పెట్టినా నిలబడుతుంది. ఏనుగు అడుగు వేసిందంటే ఆ పాదం కింద నేల గట్టిగా ఉందనే అర్థం. భూమి అన్నిటినీ మోస్తుంది, ఎవరినీ పొమ్మనదు. నిలకడ, బరువు, ఓర్పు. మూలాధార ధ్యానంలో మనసు పట్టుకోవాల్సిన గుణాలు ఇవే.

లలితా సహస్రనామం చదివేవాళ్ళకు ఇంకో సంగతి తెలిసే ఉంటుంది. అందులో మూలాధార పద్మంలో ఉండే దేవత పేరు సాకిని. ఆమెకు ఐదు ముఖాలు. ఆమె స్థానం ఎముకలు. ఆమెకు ఇష్టమైన నైవేద్యం ఏమిటో తెలుసా? పెసరపప్పు కలిపి వండిన అన్నం! ఒక గ్రంథంలో డాకిని, ఇంకో దానిలో సాకిని ఏమిటని కంగారు పడకండి. సంప్రదాయాన్ని బట్టి వివరాలు మారుతుంటాయి. రెండూ చెప్పేది మాత్రం ఒకటే: మూలాధారం అంటే శరీరంలో గట్టిదనం, దాన్ని నిలబెట్టే తిండి.

మరి "బ్లాక్" అయ్యిందనే మాట?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. "మూలాధారం మూసుకుపోతే ఆందోళన వస్తుంది, డబ్బు నిలవదు" అనే లెక్క షట్చక్ర నిరూపణంలో లేదు. అక్కడ చక్రం అంటే ధ్యానించాల్సిన స్థానం, సాధకుడు మంత్రంతో, ధ్యానంతో చేరాల్సిన చోటు. మరమ్మతు చేయించాల్సిన పైపు కాదు.

చక్రాలను మనసు స్థితులతో కలిపి చూడటం ఇరవయ్యో శతాబ్దంలో పెరిగింది. 1932లో కార్ల్ యుంగ్ అనే స్విస్ మనస్తత్వవేత్త జ్యూరిక్‌లో కుండలినీ యోగం మీద ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ తర్వాత పాశ్చాత్య దేశాల్లో మూలాధారాన్ని భద్రతకు, భయానికి ముడిపెట్టిన పుస్తకాలు వచ్చాయి. ఏడు చక్రాలకు ఇంద్రధనుస్సు రంగులు ఇవ్వడం కూడా ఆ కాలపు అలవాటే. మన గ్రంథంలో పద్మం ఎరుపు, భూమి చతురస్రం పసుపు అని ఇప్పుడే చూశాం కదా. అంటే "మూలాధారం రంగు ఎరుపు, కాబట్టి ఎర్ర రాయి బ్రేస్‌లెట్ కొనండి" అనే మాటకు ఆ శ్లోకాల ఆధారం లేదు.

కొత్త వ్యాఖ్యానాలన్నీ వృథా అని అనడం లేదు. భయంలో ఉన్నవాడికి కాళ్ళ కింద నేల గుర్తు చేయడం మంచి ఆలోచనే. అది ఈ కాలపు వ్యాఖ్యానం అని తెలిసి తీసుకుంటే చాలు. "మీలో లోపం ఉంది, ఇంత కడితే సరిచేస్తా" అన్నవాళ్ళ దగ్గర మాత్రం జేబు జాగ్రత్త, అంతకన్నా మనసు జాగ్రత్త.

లోకానికి అమ్మానాన్న ఉన్న చోటు

భద్రత అనే భావం మన గ్రంథాల్లో లేదా? ఉంది. ఇంకా అందంగా ఉంది.

ఆదిశంకరులదిగా ప్రసిద్ధమైన సౌందర్యలహరిలో 41వ శ్లోకం మూలాధారం గురించే. అక్కడ శివుడు తాండవం చేస్తుంటాడు, అమ్మవారు లాస్యం చేస్తుంటుంది. లోకం మళ్ళీ పుట్టాలని, కేవలం దయతో. వాళ్ళిద్దరి వల్ల ఈ జగత్తుకు తల్లీ తండ్రీ ఉన్నారని ఆ శ్లోకం భావం.

ఒక్కసారి ఆలోచించండి. చాలామంది మూలాధారాన్ని "కింది చక్రం" అని తేలిగ్గా చూస్తారు, త్వరగా దాటేసి సహస్రారానికి పోవాలనుకుంటారు. కానీ ఆ అడుగునే ఆదిదంపతులు ఉన్నారు. ఇంటికి దూరంగా, అద్దె గదిలో, తెలియని నగరంలో "నాకెవరున్నారు" అనిపించిన రాత్రి ధ్యానించడానికి ఇంతకన్నా మంచి భావన ఏముంది? మన వేరు దగ్గరే అమ్మానాన్న ఉన్నారు. మనం అనాథలం కాము.

గణపతి, తిరువారూరు, త్యాగయ్య

గణపతి నిత్యం మూలాధారంలో ఉంటాడని గణపత్యథర్వశీర్షం చెబుతుంది. ఏ పని మొదలుపెట్టినా ముందు ఆయనకు మొక్కడంలో ఈ అర్థం కూడా ఉంది. మొదలు గట్టిగా ఉండాలి. వినాయక చవితికి మట్టితో బొమ్మ చేసి, పత్రితో పూజించి, మళ్ళీ నీళ్ళలో కలుపుతాం. పృథ్వీ తత్త్వానికి ఇంతకన్నా స్పష్టమైన పాఠం ఉండదు. ఈసారి చవితికి రంగుల బొమ్మ కొనకుండా, మట్టి తెచ్చి మీ చేత్తోనే చేయండి. ఆ గంటసేపు మనసు ఎక్కడికీ పోదు.

తమిళనాడులోని తిరువారూరును మూలాధార క్షేత్రంగా భావిస్తారు. విశేషం ఏమిటంటే కర్ణాటక సంగీత త్రిమూర్తులు త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ అక్కడే పుట్టారు. త్యాగయ్యగారి పేరు కూడా ఆ ఊరి స్వామిదే. దీక్షితుల వారి "వాతాపి గణపతిం" కృతిలో మూలాధార క్షేత్రం ప్రస్తావన ఉంది. ఇక త్యాగయ్య శంకరాభరణంలో పాడిన "స్వరరాగ సుధారస" కృతిలో, మూలాధారంలో పుట్టే నాదాన్ని తెలుసుకోవడమే ఆనందకరమైన మోక్షమని మన తెలుగులోనే చెప్పారు. ఈ రెండు కృతులూ ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. అది కూడా మూలాధార సాధనే.

రోజూ చేయగలిగే సాధన

మొత్తం కలిపి పావుగంట చాలు.

1. కాలు మోపే ముందు. పొద్దున్న మంచం దిగేముందు భూదేవికి మొక్కి, పాదం మోపుతున్నందుకు క్షమించమని అడగడం మన ఆచారం. శ్లోకం వస్తే శ్లోకం, రాకపోతే "అమ్మా, క్షమించు" అన్నా చాలు. లేవగానే ఫోన్ పట్టుకునే ముందు నేలను తలుచుకోవడమే ఇందులో ఫలం.

2. ఆసనం. నేల మీద చాప వేసుకుని సుఖాసనంలో కూర్చోండి. మోకాళ్ళ నొప్పి ఉంటే కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించండి. శరీరం ఎక్కడెక్కడ నేలను తాకుతోందో గమనించండి. మీ బరువంతా భూమి మోస్తోంది. ఆ బరువును ఆమెకే వదిలేయండి.

3. ఊపిరి. మామూలుగా పీల్చి, పీల్చిన దానికన్నా నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొద్దిగా తగ్గుతుంది. ఐదు నిమిషాలు చాలు. ఊపిరి బిగబట్టాల్సిన పని లేదు.

4. ధ్యానం, నామం. వెన్నెముక అడుగున పసుపు చతురస్రాన్ని, దాని మీద ప్రశాంతంగా నిలబడ్డ ఏనుగును భావించండి. బీజాక్షరాలను గురువు దగ్గర ఉపదేశం పొంది జపించడం సంప్రదాయం. ఉపదేశం లేనివాళ్ళు గణపతి నామం జపించండి. ఏ లోటూ లేదు.

5. వాసన. భూమికి ప్రత్యేకమైన గుణం గంధం. అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పృథ్వికి ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే: వాసన కలది భూమి. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టి వాసన మనసును ఎలా పట్టుకుంటుందో మీకు తెలుసు. మనసు పరుగెడుతున్నప్పుడు ఒక తులసి ఆకు నలిపి వాసన చూడండి. బాల్కనీలో ఒక్క కుండీ ఉన్నా మంచిదే. నీళ్ళు పోసేటప్పుడు ఆ మట్టిని చేత్తో తాకండి.

6. అన్నం. వారానికి ఒక్కరోజైనా పెసరపప్పు, బియ్యం కలిపి కట్టెపొంగలి వండుకోండి. కుక్కర్‌లో నాలుగు విజిల్స్ పని. అమ్మవారికి చూపించి, కింద కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి తినండి. వేళకు తిండి, వేళకు నిద్ర లేకుండా ఏ చక్ర సాధనా నిలవదు.

కొన్ని జాగ్రత్తలు

మూలబంధం గురించి చాలామంది అడుగుతుంటారు. హఠయోగ ప్రదీపిక మూడో అధ్యాయంలో అది వస్తుంది. అంటే ఆసనాలు, ప్రాణాయామం తర్వాత. వీడియో చూసి మొదటి రోజే మొదలుపెట్టేది కాదు, గురువు ఎదురుగా నేర్చుకోవాలి. గర్భిణులు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు. "ఇరవై ఒక్క రోజుల్లో కుండలిని లేపుతాం" అనే మాటలకు దూరంగా ఉండండి.

ఇంకో ముఖ్యమైన మాట. వారాల తరబడి నిద్ర లేకపోయినా, గుండె దడ తగ్గకపోయినా, బతకాలని అనిపించకపోయినా, దాన్ని చక్రం ఖాతాలో వేసి ఊరుకోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మందు వేసుకోవడం భక్తికి అడ్డు కాదు. ఈ శరీరం అమ్మవారి స్థానమే అయితే, దానికి వైద్యం చేయించడం కూడా ఆమె సేవే.

పైన చెప్పిన ఆరింటిలో అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మీకు నచ్చిన ఒక్కటి ఎంచుకుని 40 రోజులు చేయండి. ఒకరోజు తప్పిపోతే తిట్టుకోవద్దు, మర్నాడు మళ్ళీ కూర్చోండి. ఉద్యోగం సంగతి, అద్దె సంగతి ఆ పావుగంటలో తేలిపోవు. కానీ వాటి గురించి ఆలోచించే మనిషి కుదురుగా ఉంటాడు. కుదురుగా ఉన్న కుండలోనే నీళ్ళు నిలుస్తాయి.

గణపతి అనుగ్రహం మీ అందరికీ కలగాలని కోరుకుంటూ, వచ్చే పాఠంలో స్వాధిష్ఠానం గురించి మాట్లాడుకుందాం.

శుభం.