కుక్కపిల్లకు అలవాటు చేయడం

మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది. మూడో రోజుకే అమ్మకు విసుగొచ్చేసింది. అలికిన చోటే ఉచ్చ పోసేది. అమ్మ చీపురు తీసేది. పిల్ల మంచం కిందకి దూరేది. అక్కడా పోసేది!

అక్కలారా, కొడితే కుక్క నేర్చుకోదు. భయపడి చాటుగా పోస్తుంది. రెండు నెలల పిల్ల ఎక్కువసేపు ఆపుకోలేదు. అందుకే నిద్ర లేవగానే, తిన్న వెంటనే దొడ్లోకి తీసుకెళ్ళండి. రోజూ ఒకే చోటికి. అక్కడ పోస్తే మెచ్చుకోండి. ముల్లు తీసిన చేప ముక్క పెట్టండి. ఇంట్లో పోసిన చోట వాసన పోయేలా కడగండి. వాసన ఉంటే మళ్ళీ అక్కడికే వస్తుంది.

మూడో నెలలో పశువుల ఆసుపత్రిలో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించండి. ఏటేటా వేయించాలి.

బయట తిప్పే ముందు మెడకు మెత్తని తాడు కట్టి ఇంట్లోనే తిప్పండి. తర్వాత వీధిలోకి. ఆటో చప్పుడుకు బెదిరితే ఈడ్వకండి. కాసేపు ఆగండి.

జీడితోటల్లో మాత్రం తాడు వదలొద్దు. 2022 జూన్‌లో మన మండలంలోని కిడిసింగిలో ఎలుగుబంటి ఒకరిని చంపింది. గుర్తుందా? కుక్క మొరిగితే ఎలుగు తరుముతుంది. కుక్క పరుగెత్తేది మన దగ్గరికే. వెనకాల ఎలుగు!

ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకోండి. డాక్టరు చెప్పిన సూదులన్నీ వేయించుకోవాలి.

రాయండి: మీకు దగ్గరి పశువుల ఆసుపత్రి ఏ ఊళ్ళో ఉంది?