ద్వైతవనపు లేళ్లు

చిత్తూరు జిల్లాలో కుప్పమునకు సమీపమున శాంతిపురము కలదు. ఆ ప్రాంతమునకు చేరువనే కౌండిన్య అభయారణ్యము వ్యాపించియున్నది. 1990వ సంవత్సరమున ఏర్పడిన ఈ అభయారణ్యము ఏనుగులకు పేరెన్నికగన్నది. చుక్కల దుప్పులు, కణుతులు కూడ ఇందు వసించుచున్నవి. సంజవేళ నీరు త్రాగవచ్చిన దుప్పి, ఆకు కదలినను చెవులు నిక్కించి నిలుచును. మానవుని వలన దానికి కలిగిన భయము నేటిది కాదు.

మహాభారతమున అరణ్యపర్వమునందు ఒక చక్కని కథ కలదు. పాండవులు ద్వైతవనమున నివసించుచు, మృగములను వేటాడి ఆహారము సమకూర్చుకొనుచుండిరి. ఒకనాటి రాత్రి ధర్మరాజునకు స్వప్నమున కొన్ని లేళ్లు కన్నీటితో వణకుచు కనబడెను. తమ జాతి చాలవరకు నశించినదనియు, విత్తనమునకు మాత్రమే కొన్ని మిగిలినవనియు, పాండవులు వేరొక వనమునకు తరలినచో తాము మరల వృద్ధిపొందుదుమనియు అవి విన్నవించుకొనెను. ధర్మరాజు మేల్కొని తమ్ములకు ఆ మాట చెప్పెను. అందరును ద్వైతవనమును విడిచి కామ్యకవనమునకు పోయిరి. వేట రాజులకు తగిన పనియని ఎంచిన కాలమది. ఐనను విత్తనము చెడరాదని వేటగాడే వెనుకకు తగ్గెను.

లేళ్లు చెప్పిన విత్తనపు మాట ఉత్తమాట కాదు. చుక్కల దుప్పి సుమారు ఏడున్నర నెలలు గర్భము మోసి, సాధారణముగా ఒక్క పిల్లనే ఈనును. చూలుతో నున్న దుప్పిని చంపినవాడు రెండు ప్రాణములను తీసినవాడగును. పాలు త్రాగు పిల్ల గల తల్లిని చంపినచో పిల్లయు బ్రదుకుట అరుదు. కావుననే నీతి గల వేటగాండ్రు తల్లిని, పిల్లను విడిచిపెట్టెడివారు. గాయపడిన మృగమును బాధకు వదలివేయుట అవమానముగా ఎంచెడివారు. దుప్పులు తరిగినచోట చిరుతపులి ఊరి మేకలపై పడునని కూడ వారెరుగుదురు.

మన కాలమునకు దగ్గరగా అట్టి వేటగాడొకడు ఉండెను. 1910లో సికిందరాబాదు చెంత బొలారమున జన్మించిన కెన్నెత్ ఆండర్సన్, నరభక్షకములైన పులులను, చిరుతలను వేటాడి ప్రసిద్ధి గాంచెను. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయలో ఒక పులిని వెంబడించిన వృత్తాంతమును ఆయన వ్రాసియున్నాడు. అట్టివాడు పెక్కుమారులు ఆయుధము లేకయే ఒంటరిగా అడవికేగి దాని అందమును చూచుచు కూర్చుండెడివాడు. తుదినాళ్లలో తుపాకికి మారుగా కెమెరాను చేబూనెను. 1974లో ఆయన మరణించెను.

ఒక్కొక్కరి దయ చాలనిచోట చట్టము అవసరమగును. 1912 నాటి చట్టము వేట కూడని కాలమును నిర్ణయించుటకు వీలు కల్పించెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. అది 1991లో సవరింపబడిన పిదప, వినోదమునకై దుప్పులను వేటాడుటకు అనుమతిపత్రము దొరకు మార్గము కూడ మూసికొనిపోయెను.

ఐనను చాటుమాటున ఉచ్చులు పన్నువారు నేడును కలరు. వేటగానికి కన్నులుండును, ఉచ్చునకు లేవు. తల్లియో పిల్లయో అది ఎరుగదు. చట్టము ప్రతి పొదకడ కాపుండజాలదు. పొద మాటున ఉచ్చును కనుగొనిన బాలుడు ఆ సంగతిని అటవీ ఉద్యోగులకు తెలిపెనేని, ద్వైతవనపు లేళ్ల మొరను మరియొకరు ఆలకించినట్లే యగును.