నిందకు నింద బదులు కాదు



"మీరు బొమ్మలకు మొక్కుతారు", "మరియమ్మను దేవతను చేశారు", "డబ్బు కోసం మతం పుచ్చుకున్నారు" - ఇటువంటి మాటలు వినని కతోలిక కుటుంబం మన విచారణల్లో అరుదు. ఒకప్పుడు ఈ మాటలు రచ్చబండ దగ్గరో, బస్సులోనో వినిపించేవి. నేడు మన చేతిలోని ఫోనులోకే వచ్చి, రాత్రి పడుకోబోయే వేళ మనసును కలచివేస్తున్నాయి. మన యువకుడు ఆవేశంతో నాలుగు ఘాటైన మాటలు తిరిగి పంపుతాడు. తెల్లవారేసరికి అవి వందమందికి చేరతాయి. విశ్వాసాన్ని కాపాడాననుకుంటాడు గాని, విశ్వాసికి ఉండవలసిన ప్రేమను పోగొట్టుకున్నానని గ్రహించడు.

మరి ఏం చేయాలి? నోరు మూసుకుని ఊరుకోవాలా, బదులు చెప్పాలా?

క్రీస్తునాథుని మాదిరి

సువిశేషాన్ని శ్రద్ధగా చదివితే క్రీస్తునాథుడు రెండూ చేశాడని తెలుస్తుంది. వింత చూడగోరిన హేరోదు ఎన్ని ప్రశ్నలు వేసినా ఆయన మౌనం వహించాడు (లూకా 23:9). కాని ప్రధానార్చకుని ఎదుట బంటు చెంపమీద కొట్టినప్పుడు మౌనంగా ఉండలేదు. తాను పలికినదానిలో తప్పుంటే చూపమని, లేనట్లయితే ఎందుకు కొట్టావని నెమ్మదిగా అడిగాడు (యోహాను 18:23). సమరీయుల గ్రామం తమను చేర్చుకోనప్పుడు ఆకాశం నుండి అగ్నిని రప్పించమంటారా అని అడిగిన యాకోబు, యోహానులను మాత్రం గద్దించాడు (లూకా 9:54-55).

కాబట్టి మౌనమూ క్రైస్తవమే, సమాధానమూ క్రైస్తవమే. పగ మాత్రం కాదు. మన నిరీక్షణకు కారణం అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలనీ, దానిని సాత్వికంతో, గౌరవంతో చెప్పాలనీ పునీత పేతురుగారు బోధించారు (1 పేతురు 3:15-16).

ఒక పునీతుని జీవితం

ఈ బోధను ఆచరించి చూపినవారు పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారు. 1567లో సవాయ్ ప్రాంతంలో జన్మించారు. గురువైన మరుసటి సంవత్సరం, 1594లో, కాల్విన్ బోధను అనుసరించే షాబ్లే ప్రాంతానికి పంపబడ్డారు. అక్కడ ఆయన ప్రసంగం వినడానికి వచ్చినవారు బహు కొద్దిమంది. అయినా ఆయన వెనుదిరగలేదు. చెప్పదలచినదాన్ని కాగితాలపై వ్రాసి, ఇళ్ల తలుపుల క్రింది నుండి లోపలికి చేరవేశారు. తప్పనుకున్న బోధను గట్టిగానే ఖండించారు. కాని మనుషులను శత్రువులుగా చూడలేదు.

1597లో జెనీవా నగరంలో కాల్విన్ వారసుడైన థియొడోర్ బేజా గారిని కలిసి మర్యాదగా సంభాషించారు. బేజా గారు తన నమ్మకాన్ని మార్చుకోలేదు. ఇక్కడ మనం నేర్చుకోవలసిన పాఠం ఉన్నది. మర్యాద అనేది ఎదుటివానిని గెలిచే ఉపాయం కాదు. అవతలివాడు మారినా మారకపోయినా మనం చెల్లించవలసిన ఋణం అది.

1923లో 11వ పయస్ పాపుగారు ఈ పునీతుని కతోలిక రచయితలకు పాలకునిగా ప్రకటించారు. మన తెలుగు నేలకూ ఆయనతో సంబంధం ఉన్నది. ఆయన పేర 1838లో ఆనెసీ పట్టణంలో స్థాపించబడిన సభకు చెందిన గురువులు 1846లో విశాఖపట్నం చేరి సువార్త సేవ చేశారు.

మన ఇళ్లలో ఆచరణ

1. వెంటనే బదులు వ్రాయవద్దు. ముందు ఒక పరలోక జపం చెప్పుకోండి. నిందించిన వ్యక్తి పేరు తలచి ప్రార్థించండి. ఎవరికోసం ప్రార్థించామో వారిని తిట్టడం కష్టం.

2. అది ప్రశ్నా, ఎగతాళియా అని ఆలోచించండి. ప్రశ్న అయితే జవాబు చెప్పండి. ఉదాహరణకు, ఆరాధన దేవునికి మాత్రమే చెందుతుంది. మరియమాతకు మనం ఇచ్చేది గౌరవం. 787లో జరిగిన రెండవ నికేయా మహాసభ ప్రతిమలకు చూపే గౌరవాన్నీ, దేవుని ఆరాధననూ వేరు చేసి చెప్పింది. ఈ రెండు మాటలు నెమ్మదిగా చెప్తే చాలు. జవాబు తెలియకపోతే విచారణ గురువులనో ఉపదేశినో అడిగి చెప్పండి. కేవలం ఎగతాళి అయితే వదిలివేయండి.

3. పదిమంది ఎదుట వాదించకండి. తెలిసినవారైతే ఇంటికి వెళ్లి మాట్లాడండి. ఎదురుగా కూర్చున్నవారిని దూషించడానికి ఎవరికీ అంత తేలికగా నోరు రాదు.

4. ఇతరుల మతాన్ని, ఇతర సంఘాలను కించపరిచే మాటలు మీకు వస్తే మరొకరికి పంపకండి. మనకు బాధ కలిగించే పని మనమే ఇతరులకు చేయరాదు.

5. బెదిరింపులు వస్తే దాచవద్దు, చెరిపివేయవద్దు. విచారణ గురువులకు చూపండి, పోలీసు వారికి ఫిర్యాదు చేయండి. ఫిలిప్పీలో అన్యాయంగా దెబ్బలు తిన్న పౌలుగారు తన రోమా పౌరసత్వపు హక్కును అడిగారు (అపోస్తలుల కార్యములు 16:37). సాత్వికం పిరికితనం కాదు.

తల్లిదండ్రులారా, మీకు అవమానం జరిగినప్పుడు మీ పిల్లలు మీ ముఖం వైపు చూస్తారు. శత్రువులను ప్రేమించమనే వాక్యాన్ని జ్ఞానోపదేశపు తరగతిలో వారు వింటారు. దాని అర్థాన్ని మాత్రం మీ ఇంట్లోనే నేర్చుకుంటారు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి

- ఈ మధ్య మనలను బాధపెట్టిన మాట ఏది? దానికి మనం ఎలా స్పందించాము?
- మనం పంపిన మాట వల్ల ఎవరైనా నొచ్చుకున్నారా? వారిని క్షమాపణ అడిగే ధైర్యం మనకున్నదా?
- ఈ రాత్రి జపమాలలో ఒక పదిని ఎవరికోసం సమర్పిద్దాం?